సబర్ ఎవరు చెయ్యాలె?

మా ఇళ్లల్లో దుఃఖానికి ఒకటే మందు. సబర్. మొగుడికి పక్షవాతం వస్తే సబర్. కొడుకును పోలీసులు పట్టుకుపోతే సబర్. కూతురు తలాఖై చంటిపిల్లతో వాకిట్లో నిలబడితే సబర్. తెలుగులో దీన్ని ఓర్పు అని రాస్తాం గానీ ఆ మాటలో సబర్ సగమే ఇముడుతుంది. ఓర్పులో బరువు మొయ్యడం ఉంది. మేం నేర్చుకున్న సబర్‌లో ఆ బరువును నెత్తిన ఎవరు పెట్టారని అడక్కపోవడం కూడా ఉంది. అల్లా పరీక్ష పెట్టాడు, నోరెత్తకుండా నెగ్గాలి, నెగ్గితే అవతల ఫలితం. దూదేకుల ఇళ్లల్లో, ఉర్దూ రాని మా గుంటూరు, కర్నూలు పల్లెల్లో ఈ మాట అంతగా వినపడదు. 'ఓర్చుకోమ్మా' అంటారు. మాట వేరైనా పని అదే.

ఓర్చుకున్న మనిషి లోపల ఏం జరుగుతుంది? ఓర్చుకోమని చెప్పే హక్కు ఎవరికుంది? ఇవి ఆలిములు మాత్రమే తేల్చే సంగతులైతే మాలాంటి పత్రికలవాళ్లం కలగజేసుకునే అవసరం లేదు. కానీ దీని ఖర్చు మా మనుషుల ఒంటిమీద కనిపిస్తోంది. నిద్ర పట్టని కళ్లమీద, కారణం దొరకని ఛాతీనొప్పి మీద, పొద్దున లేస్తే చేతుల్లో సత్తువ లేకపోవడం మీద.

ముందు మాటల సంగతి చూద్దాం. డిప్రెషన్ అనే ఇంగ్లీషు మాట వార్తలో వస్తే ఉర్దూ పేపర్లో అఫ్సుర్దగీ అని రాస్తాం, తెలుగు పేపర్లో కుంగుబాటు అని రాస్తాం. రెండు భాషల డెస్కుల మీదా ఇన్నేళ్లు పనిచేశాం గానీ ఈ రెండు మాటల్నీ మా మొహల్లాలో ఒక్క మనిషి నోట వినలేదు. మా ఆడవాళ్లు 'దిల్ ఘబ్రారా' అంటారు. 'సీనే పో బోజ్ హై' అంటారు. తెలంగాణ పల్లెల్లో 'రంది' అంటారు, 'మనాది పట్టింది' అంటారు. కోస్తాలో బెంగ. ఈ మాటలు తక్కువవేం కాదు. మనసునీ ఒంటినీ రెండుగా కొయ్యని మాటలివి. చిక్కెక్కడంటే, 'దిల్ ఘబ్రారా' అని చెప్పుకున్న మనిషిని గుండె డాక్టరు దగ్గరికే తీసుకుపోతాం.

మాకు బాగా తెలిసిన ఒక ఖాలా ఉంది. పేరెందుకు, ప్రతి గల్లీలోనూ ఉంటుంది. ఆమె భర్తకు షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీ కార్డు మీద రక్తం శుభ్రం చేస్తారు, ఆ మేరకు మేలే. ఆటో కిరాయి, పోయిన కూలి, ఆసుపత్రి వరండాలో నాలుగేసి గంటలు కూచున్న నడుము ఏ కార్డు కిందికీ రావు. మూడేళ్లు అలా తిప్పింది. రెండో ఏడు నుంచి ఆమెకు ఛాతీ మీద ఎవరో కూచున్నట్టు ఉండేది. ఇసిజి తీశారు, బాగుంది. ఎకో తీశారు, బాగుంది. గ్యాస్ గోలీలిచ్చారు. ఆడబిడ్డ నజర్ తగిలిందని మిరపకాయలు దిగదుడిచింది. అన్న ఎవరో మౌలానా దగ్గర దమ్ చేసిన నీళ్లు తెచ్చాడు. నెల్లూరు జిల్లా ఎ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయి మూడు రాత్రులు ఉంచారు. వచ్చిన చుట్టాలు, పోయిన చుట్టాలు 'ఆయనకెట్లుంది?' అని అడిగారు. మూడేళ్లలో 'నీకెట్లుంది?' అన్నవాళ్లు లేరు.

ఆయన పోయాక ఆమె ఇద్దత్‌లో కూచుంది. నాలుగు నెలల పది రోజులు. బయటివాళ్లు దీన్ని మా ఆడవాళ్ల మీద పెట్టిన ఖైదుగానే చూస్తారు. మేమూ దాని మీద చాలా వాదించుకున్నాం. ఈ ఖాలా చెప్పింది వింటే ఆ వాదన కొంచెం తడబడుతుంది. 'ఇద్దత్‌లోనే నాకు ఆరామ్ దొరికింది బేటా, లెవ్వు అన్నవాళ్లు లేరు. ఏడిస్తే ఎందుకేడుస్తున్నవ్ అన్నవాళ్లు లేరు.' ఇద్దత్ అయిపోయింది, మళ్లీ ఛాతీ మీద బరువు. ఈసారి కోడలు సర్కారు దవాఖానాలో మనసు డాక్టరుకు చూపించింది. ఇప్పుడు ఒక గోలీ వేసుకుంటోంది. పక్కింటివాళ్లు అడిగితే నీంద్ కీ గోలీ అని చెబుతుంది. ఛాతీనొప్పి తగ్గింది. ఎర్రగడ్డ అనే మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. హైదరాబాదులో ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాదు, తిట్టు.

ఖాలా చెప్పిన దాంట్లో ఆలోచించాల్సింది ఉంది. చావు దుఃఖానికి మా దగ్గర గడువులు, పద్ధతులు ఉన్నాయి. మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహెల్లుం. వీటిలో ఏది దీన్, ఏది రివాజు అని మా దేవ్‌బందీ, బరేల్వీ సోదరులు కొట్లాడుకుంటూనే ఉన్నారు, ఆ జోలికి మేం పోం. మాకు కనిపించేది ఒకటే. ఆ రోజుల్లో ఏడుస్తున్న మనిషి పక్కన ఇంకో మనిషి కూచుంటాడు, అన్నం పెడతాడు. మొహర్రంలో అయితే ఊరు మొత్తం ఏడుస్తుంది. క్రీస్తుశకం 680లో కర్బలాలో జరిగిన చావుల కోసం హైదరాబాదు దబీర్‌పురాలో బీబీకా ఆలం వెంట గుండెలు బాదుకుంటారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగకు గొల్లవాళ్లు, చాకలివాళ్లు మాతో కలిసి గుండం చుట్టూ తిరుగుతారు. పదమూడు వందల ఏళ్ల కిందటి బాధకు ఇంత చోటిచ్చిన జాతి, నిన్నటి బాధకు 'చుప్' అంటుంది. దీర్ఘరోగానికి జియారత్ లేదు. జైలు నుంచి వచ్చినవాడికి చెహెల్లుం లేదు. తలాఖ్ అయిన పిల్లకు ఇద్దత్ లెక్క ఉంది, పక్కన కూచునే మనిషి లేదు.

దీనికంతటికీ దీన్‌ను అడ్డం పెడతారు. మనసు కుంగితే ఈమాన్ తగ్గిందంటారు. నమాజు సరిగా చెయ్యడం లేదంటారు. అయితే దీన్‌లోకే పోయి చూద్దాం.

యాఖూబ్ ప్రవక్త కథ మా పిల్లలందరికీ తెలుసు. కొడుకులు యూసుఫ్‌ను బావిలో తోసి, నెత్తురంటిన అంగీ తెచ్చి చూపించినప్పుడు ఆయన అందమైన సబర్ చేస్తానన్నాడు. మా ప్రసంగాల్లో కథ అక్కడ ఆగుతుంది. ఖురాన్‌లో ఆగలేదు. అదే సూరాలో, అదే యాఖూబ్, ఏళ్ల తరబడి యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడి చూపు పోగొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు, ఇట్లాగే తలుచుకుంటూ కూచుంటే చస్తావన్నారు. తన దుఃఖం అల్లాకు చెప్పుకుంటున్నానని ఆయన జవాబిచ్చాడు. అంత ఏడ్చిన మనిషి సబర్ తప్పాడని ఎక్కడా లేదు. ఖదీజా బీబీ, అబూ తాలిబ్ ఒకే ఏడు పోతే ఆ ఏడాదికి ముస్లింల చరిత్రలో దుఃఖపు సంవత్సరం అని పేరుంది. పసికొడుకు ఇబ్రాహీం పోయినప్పుడు ప్రవక్త కళ్ల నీళ్లు పెట్టుకున్నారు, చూసినవాళ్లు ఆశ్చర్యపోతే అది కరుణ అని చెప్పారు. మా పెద్దలు మగపిల్లవాడు ఏడిస్తే 'ఔరత్ హై క్యా' అని కసురుతారు. ఆ కసురు ఏ కితాబులోంచి వచ్చిందో మాకు అర్థం కాదు.

ఇమాం గజాలీ సంగతి ఇంకా విచిత్రం. 1095లో ఆయన బగ్దాదులో, నిజామియా మదరసాలో, ఆ కాలపు అతి పెద్ద గురువు. ఒక రోజు పాఠం చెప్పబోతే నాలుక కదల్లేదు. తిండి దిగలేదు. హకీములు చూసి, ఈ రోగం మనసులో పుట్టి ఒంట్లోకి పాకింది, మా మందులకు లొంగదు అని చేతులెత్తేశారు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలాంటి పుస్తకంలో దాచుకోకుండా రాసుకున్నాడు. ఇవాళ మా మొహల్లాలో ఒక మౌలానాకు ఇట్లా అయితే మొదట జిన్ పట్టిందంటారు, తర్వాత ఉద్యోగంలోంచి తీసేస్తారు.

ఆయనకన్నా ముందు బల్ఖ్‌లో, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లో, అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడుండేవాడు. 934లో చనిపోయాడు. ఒంటి ఆరోగ్యం గురించి, మనసు ఆరోగ్యం గురించి కలిపి ఒకే గ్రంథం రాశాడు. అందులో దుఃఖాన్ని రెండుగా విడగొట్టాడు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి: మనిషి పోయాడు, ఆస్తి పోయింది. కారణం తెలియకుండా మనిషిని ముంచేసే దుఃఖం ఇంకొకటి. రెండోది ఒంట్లోంచి పుడుతుంది, దానికి ఒంటికి వైద్యం చెయ్యాలన్నాడు. మొదటిదానికి మాట సాయం, ఆలోచన సాయం కావాలన్నాడు. వెయ్యేళ్ల కిందటి మాట. మా మదరసాల్లో బల్ఖీ పేరు ఎంతమంది విన్నారో మరి.

ఇక్కడిదాకా మా ఇంటి తగువు. ఇప్పుడు గడప దాటాలి.

బాధను జబ్బు అని పిలిస్తే మందు దొరుకుతుంది. సిగ్గు పోతుంది. ఖాలాకు అదే జరిగింది. కానీ కొన్ని బాధల్ని జబ్బు అని మాత్రమే పిలిస్తే ఆ బాధ పెట్టినవాడు సభలోంచి మెల్లగా జారుకుంటాడు. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో జుమా వేళ బాంబు పేలింది. తొమ్మిదిమంది పోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో అయిదుగురు. అదే ఏడు ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర పేలుళ్లలో నలభైమందికి పైగా పోయారు. ఆ తర్వాతి రోజుల్లో పాతబస్తీ పిల్లల్ని ఎక్కడెక్కడి నుంచో ఎత్తుకుపోయారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది, చిత్రహింసలు జరిగాయనే నివేదిక ఇచ్చాడు. కేసులు కోర్టుల్లో నిలబడలేదు, పిల్లలు నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత ప్రభుత్వం పరిహారం ప్రకటించింది, నడవడి బాగుందని కాగితాలిచ్చింది. 2018 ఏప్రిల్‌లో మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న ఇంకో ముఠావాళ్లను కూడా కోర్టు వదిలేసింది. అంటే ఆ శుక్రవారం నమాజులో చచ్చిపోయినవాళ్లను ఎవరూ చంపలేదన్నమాట.

నడవడి కాగితం పట్టుకున్న పిల్లవాడికి రాత్రి జీపు చప్పుడు వినిపిస్తే ఒళ్లు చెమటలు పడుతుంది. పెళ్లిచూపులకు పోతే పిల్ల తండ్రి 'కేసు పూరా ఖతం హుయీనా?' అని మూడుసార్లు అడుగుతాడు. దుకాణంలో పనికి పెట్టుకున్న సేఠ్, ఊళ్లో ఎక్కడ ఏం జరిగినా నాలుగు రోజులు రావద్దంటాడు. ఇతన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోతే దానికి పేరుంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల కోసం పోరాటాలు జరిగాక, 1980లో అక్కడి మానసిక వైద్యులు ఆ పేరును తమ రోగాల పట్టికలో చేర్చారు. పెద్ద దెబ్బ తర్వాత వచ్చే మానసిక రుగ్మత. మంచిదే. బయటి నుంచి ఒక దెబ్బ తగిలిందని ఒప్పుకునే పేరది. మా పేచీ ఆ 'తర్వాత' అనే మాటతో. పాలస్తీనా మానసిక వైద్యురాలు సమా జబర్ కూడా ఆ మాట తమ జనానికి నప్పదంటోంది. దెబ్బ ఆగితే కదా 'తర్వాత' మొదలయ్యేది! ప్రతి డిసెంబరు 6కు బందోబస్తు, ప్రతి పేలుడు వార్తకు తల్లుల గుండెల్లో రాయి. అతని భయాన్ని జబ్బు లక్షణం అనాలా, తెలివి అనాలా?

ఇది మాకొక్కళ్లకే వచ్చిన ప్రశ్న కాదు. ఫ్రాంజ్ ఫానన్ 1953 నుంచి అల్జీరియాలో బ్లిడా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు. దెబ్బలు తిన్నవాళ్లకూ వైద్యం చేశాడు, దెబ్బలు కొట్టిన పోలీసులకూ చేశాడు. 1956లో రాజీనామా చేశాడు. మనుషుల్ని పిచ్చివాళ్లను చేసే వ్యవస్థలో కూచుని వాళ్లను ఒక్కొక్కళ్లనే బాగుచేసి మళ్లీ అందులోకే పంపడం వైద్యం కాదని ఆయన తేల్చుకున్నాడు.

మా నానీలు, దాదీల విషయంలో ఆ పేరు కూడా లేకపోయింది. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. ఆ తర్వాతి వారాల్లో హైదరాబాదు సంస్థానంలో, ముఖ్యంగా మరాఠ్వాడా, బీదర్ వైపు, ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలు తొక్కిపెట్టారు. అప్పటికి రజాకార్లు ఊళ్లమీద పడి చేసిన ఘోరాలూ ఉన్నాయి, వాటి బాధితులూ ఉన్నారు, వాళ్ల ఇళ్లల్లోనూ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచే ముసలివాళ్లు ఉండే ఉంటారు. మా ఇళ్లల్లో మేం చూసింది చెబుతాం. రాత్రి కుక్కలు మొరిగితే లేచి కూచునే దాదీలు. ఎప్పుడూ సిద్ధంగా ఉండే బట్టలమూట. బావి దగ్గరికి పిల్లల్ని పోనివ్వకపోవడం, ఎందుకంటే చెప్పకపోవడం. అడిగితే 'అల్లా సబర్ దియా' అనేవాళ్లు. వాళ్లకు సబర్ అల్లా ఇచ్చాడేమో గానీ మౌనం మాత్రం సర్కారిచ్చింది. నివేదిక బయటికి రానిచోట మనిషి ఎక్కడ మాట్లాడాలి?

అందుకే మేం బల్ఖీ దగ్గరికి మళ్లీ పోతున్నాం. కారణం తెలిసిన దుఃఖం ఉన్నవాడికి మాట సాయం కావాలన్నాడు ఆయన. మా పిల్లవాడి విషయంలో ఆ మాట డాక్టరు ఒక్కడే చెప్పగలిగేది కాదు. తప్పు జరిగిందని, అది నీ మీద జరిగిందని, చేసింది ఫలానావాళ్లని చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు చెప్పరు కాబట్టి గోలీ వద్దని మేం అనం. న్యాయం వచ్చేదాకా నిద్రపోకుండా ఉండమని ఎవరం మాత్రం చెప్పగలం? నిద్రపోయినవాడే పొద్దున కోర్టుకు పోగలడు. గోలీ వేసుకుంటే ఉద్యమం మొద్దుబారుతుందనే మిత్రులు మాకున్నారు. వాళ్లలో ఎవరికీ జీపు చప్పుడుకు చెమటలు పట్టవు.

ఇంకో మాట మెజారిటీ మిత్రులతో. మీవాళ్లు దర్గాల్లో గొలుసులు కట్టి పడేస్తారు కదా అని మమ్మల్ని అడుగుతుంటారు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర ఒక ప్రైవేటు షెడ్డులో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. అది మా సిగ్గు, ఒప్పుకుంటాం. కానీ అక్కడికి వచ్చేది అన్ని మతాలవాళ్లు. గొలుసు కట్టినవాళ్లకు మతమేమిటి, వ్యాపారం తప్ప. దర్గాకు జనం ఎందుకు పోతున్నారో కూడా చూడండి. అక్కడ ఫైలు అడగరు. ఇంటిల్లిపాదీ రోగి పక్కనే పడుకోవచ్చు. పక్క చాపమీద అలాంటి కష్టమే ఉన్న ఇంకో కుటుంబం ఉంటుంది. గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర, ముజావర్లతో మాట్లాడి, దువాకు వచ్చినవాళ్లకు అక్కడే మందు కూడా ఇచ్చే పని మొదలుపెట్టారు. దవా, దువా రెండూ. తాయెత్తు తెంపమని ఎవరినీ అనలేదు. మా ఎ.ఎస్.పేటకు అలాంటిది ఎప్పుడొస్తుంది?

ఒకటి మిగిలింది, చెప్పడానికి నోరు రానిది. ఓర్చుకోలేక ప్రాణం తీసుకున్నవాళ్లు. హరాం కాబట్టి ఇంట్లో దాస్తారు. బావిలో కాలుజారిందంటారు, మందుల సీసా పొరపాటంటారు. జనాజా నమాజు చదివించే దగ్గర గుసగుసలు. కానీ మతి స్థిమితం లేనివాడి మీద లెక్క రాయరని మా షరియతే చెబుతుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కూడా, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలంది, శిక్షించకూడదంది, సర్కారే ఆదుకోవాలంది. ఈ ఒక్క విషయంలో చట్టం, షరియత్ దాదాపు ఒకే మాట మీదున్నాయి. జుమా ఖుత్బా ఉర్దూలోనో తెలుగులోనో చెప్పే చోట ఎవరైనా ఖతీబు ఈ సంగతి చెబితే వినాలని మాకు ఆశ. వరకట్నం మీద చెబుతున్నారు, వడ్డీ మీద చెబుతున్నారు. దీనిమీద పది నిమిషాలు చాలు.

2022 అక్టోబరులో కేంద్రం టెలిమానస్ అని ఒక ఫోను సేవ పెట్టింది. 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. జైలు చూసొచ్చిన ఒక తమ్ముడికి మేం ఆ నంబరు రాసిచ్చాం. కాగితం చాలాసేపు చూశాడు. సర్కారుదా అన్నాడు. అవునన్నాం.

'పేరు చెప్పాల్నా భాయ్?' అని అడిగాడు.